రెండో అంకంలో నడుం నొప్పి

నేను ఇటాలియన్ ఒపేరాలో పాడుతున్నానని చెప్పినప్పుడు మా చర్చిలో సగం మంది నమ్మలేదు. మిగతా సగం మంది అప్పటికే వేరే చర్చి అయిపోయారు కాబట్టి వాళ్ళకి నేను చెప్పనేలేదు. ఆ రెండో సగంలో మా ఆయన కూడా ఉన్నాడు. ఆయనకి మాత్రం చెప్పాను, ఒకే ఇంట్లో ఉంటాం కాబట్టి.

ముందు ఆ చీలిక సంగతి చెప్పాలి. సిడ్నీలో మా తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఆదివారం ఆదివారం ఒక స్కూలు హాలు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్ళం. గుంటూరు, తెనాలి, బాపట్ల, ఒంగోలు వాళ్ళమే ఎక్కువ. నర్సులు, అకౌంటెంట్లు, ముసలివాళ్ళని చూసుకునే ఏజ్డ్ కేర్‌లో పనిచేసేవాళ్ళు, ట్రక్కులు నడిపేవాళ్ళు. ఆరాధన అయ్యాక ప్రేమవిందు, అంటే అందరం కలిసి భోజనం. ఏళ్ళ తరబడి మేం గొడవపడిందల్లా బిర్యానీలో ఉప్పు గురించే. అలాంటి సంఘం ఒక డ్రమ్ సెట్ దగ్గర రెండు ముక్కలైంది.

ఇక్కడ పుట్టిన పిల్లలకి డోలక్ ఎక్కదు, డ్రమ్ములు పెట్టాలన్నారు కుర్రవాళ్ళు. దేవుడికేమన్నా చెవుడా అన్నారు పాస్టర్ గారు. అంతే. రెండు పక్షాలూ బైబిళ్ళు తెరిచి ఒకరి మీద ఒకరు వాక్యాలు విసురుకోవడం మొదలుపెట్టారు. రాళ్ళయితే ఎప్పుడో ఒకప్పుడు అయిపోతాయి, వాక్యాలకి కొరత లేదు. చివరికి డ్రమ్ముల పక్షం విడిపోయి ఇంకో పాస్టర్ గారిని వెతుక్కుంది. ఇంకో హాలు మాత్రం దొరకలేదు. అదే హాలుని మధ్యాహ్నం వేళకి కుదుర్చుకున్నారు. పొద్దున డోలక్ చర్చి, మధ్యాహ్నం డ్రమ్ముల చర్చి. పొద్దుటివాళ్ళు వెళ్తూ వెళ్తూ కుర్చీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి మూలకి నెట్టేసేవాళ్ళు, మధ్యాహ్నం వాళ్ళు లాక్కోలేక చావాలని. మధ్యాహ్నం వాళ్ళు వెళ్తూ వెళ్తూ ఫ్యాన్లన్నీ ఆపి, స్విచ్చులేవో చెప్పకుండా వెళ్ళేవాళ్ళు. క్రీస్తు ప్రేమ అంత పొంగిపొర్లుతుండేది.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, డ్రమ్ములంటే నాకు పరమ చిరాకు. వెస్ట్‌మీడ్ ఆసుపత్రిలో నేను నర్సుని. వారమంతా మానిటర్ల కూతలు విని వచ్చేదానికి ఆదివారం కూడా మోతెందుకు? మా ఆయనకేమో డ్రమ్ములంటే ప్రాణం. కారు స్టీరింగు మీద దరువేస్తూ సిగ్నల్ పచ్చగా మారినా కదలని మనిషి. అయినా ఆయన డోలక్ చర్చిలో ఉండిపోయాడు, నేను డ్రమ్ముల చర్చికి వెళ్ళాను. ఆయన సంఘ పెద్ద, పాస్టర్ గారికి మాటిచ్చానన్నాడు. నేను క్వయిర్‌లో పాడతాను, క్వయిర్ మొత్తం అటు వెళ్ళింది. నేనొక్కదాన్నీ ఇటు మిగిలి ఎవరితో కలిసి పాడాలి? యుద్ధంలో జనం పక్షాలు ఎంచుకునేది ఇలాగే కాబోలు. ఎందుకు మొదలైందో ఎవరికీ పట్టదు, మనవాళ్ళు ఎటు ఉంటే అటు పోవడమే.

మాకున్నది ఒకే కారు. పొద్దున ఆయన వేసుకెళ్ళేవాడు, మధ్యాహ్నం తెచ్చి నాకు అప్పగించేవాడు. గుమ్మంలో తాళం చేతులు మారేది. రెండు సైన్యాలకీ ఒకటే గుర్రం. కారులో ఆయన చర్చి బిర్యానీ వాసన ఉండేది. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి అందులో మా చర్చి బిర్యానీ వాసన ఉండేది. ఎవరిది బాగుందో ఇద్దరం అడిగేవాళ్ళం కాదు.

ఆయన గురించి ఇంకో ముక్క చెప్పాలి. మా చర్చిలో ప్రార్థన అనగానే అందరూ లేచి నిలబడతారు. ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుంటారు. కానీ క్వయిర్ వాళ్ళ ప్రత్యేక గీతానికి ఎవరూ లేవరు, హాయిగా కూర్చుని వింటారు. చీలికకి ముందు మా ఆయన ఒక్కడే దానికి కూడా నిలబడేవాడు. తాటిచెట్టంత మనిషి. వెనక కూర్చున్నవాళ్ళు ముందు దగ్గేవాళ్ళు, తర్వాత గొణిగేవాళ్ళు, ఆ తర్వాత కుర్చీలు జరుపుకునేవాళ్ళు. ఎందుకండీ ఆ నిలబడటం అని అడిగితే, "నడుం నొప్పే. కూర్చోలేను," అనేవాడు.

నేను నర్సుని కదా, ఊరుకుంటానా? పరుపు మార్పించాను. నడుముకి బెల్టు కొన్నాను. ఫిజియో దగ్గరికి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి వంచి, తిప్పి, నొక్కి చూసి, ఈయనకేమీ లేదంది. ఆ అమ్మాయికి పని రాదనుకున్నాను. పాట అయిపోయి ప్రసంగం మొదలవగానే ఆయన చక్కగా కూర్చుని గురక పెట్టేవాడు. నిద్రపోతే తగ్గే నొప్పి కాబోలనుకున్నాను.

చీలిక తర్వాత ఆ గొడవ తప్పింది. నేను పాడేచోటికి ఆయన రాడు, కాబట్టి నిలబడే పనే లేదు. ఒక ఆదివారం తాళం చేతికిస్తూ, "మీ పాటలు ఎట్టా ఉన్నాయే?" అని అడిగాడు.

"వచ్చి వినండి," అన్నాను.

"ఆ డ్రమ్ముల కింద నీ గొంతు ఏడ వినపడిద్ది?"

సరదాకే అన్నాడని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం కాలింది. ఆ రోజు నుంచి ఇంట్లో పాడటం మానేశాను. పప్పు తాలింపు పెట్టేటప్పుడు కూడా నోరు మూసుకునే పెట్టాను. ఆయన ఒకటి రెండుసార్లు వంటింట్లోకి వచ్చి, ఏమీ అడగకుండా మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఇంట్లో పాడనిది వార్డులో వచ్చేసేది. మోకాలి ఆపరేషన్‌కి వచ్చిన ఒక రిటైర్డ్ మ్యూజిక్ టీచరమ్మకి బీపీ చూస్తూ ఏదో కూనిరాగం తీశాను. ఆవిడ అమ్మానాన్నలు ఇటలీ నుంచి వచ్చినవాళ్ళట. బీపీ ఎంతుందో అడగలేదు, నువ్వు ఆల్టోనా, అంటే మంద్రంగా పాడే గొంతా, అని అడిగింది. రౌస్ హిల్ వైపు ఒక కౌన్సిల్ హాల్లో ఆవిడ సరదా మనుషుల్ని పోగేసి ఏటా ఒక ఒపేరా వేస్తుందట. కోరస్‌కి ఆడవాళ్ళు తక్కువయ్యారట. నాకు ఇటాలియన్ రాదన్నాను. హీరో వేషం వేసే మా టెనర్‌కీ రాదు, నువ్వు రా అంది. డిశ్చార్జ్ అయ్యేలోపు నాచేత సరే అనిపించుకునే వెళ్ళింది.

ఇటాలియన్ పాట పాడుతున్నానని తెలిసిన ప్రతి తెలుగువాడూ నాకు ఒకే సంగతి చెప్పాడు, మన తెలుగుని ఎవరో దొరగారు తూర్పుదేశపు ఇటాలియన్ అన్నారని. డెంటిస్టు చెప్పాడు, దేశీ కొట్లో కరివేపాకు అమ్మే ఆయన చెప్పాడు, నా మేనేజర్ అయిన హైదరాబాదు ఆవిడ చెప్పింది. ఆ దొరగారు వచ్చి కోరస్‌లో నా పక్కన నిలబడి ఉంటే తెలిసేది. అయితే ఒక్క సుఖం ఉంది. వాళ్ళ మాటలు కూడా అచ్చులతోనే అయిపోతాయి కాబట్టి తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ కొడితే గొంతు ఎక్కడా ఆగదు.

కథ తెలుసుకున్నాక నాకు నవ్వాగలేదు. ఒక నదికి ఈ గట్టున కోట, ఆ గట్టున శత్రువుల దండు. నిన్నటిదాకా అందరూ ఒకే దేశం, ఇవాళ అంతర్యుద్ధం. ఎందుకొచ్చిందో నాలుగు అంకాల్లో ఎవరూ చెప్పరు. కోట అధిపతి కూతురికీ, అవతలి గట్టు కుర్రాడికీ పెళ్ళి. సరిగ్గా పెళ్ళినాడే తండ్రి వంతెన కూల్చేయిస్తాడు. పెళ్ళికూతురికి మతి చలిస్తుంది. విరిగిన వంతెన దగ్గర కూర్చుని ఆకాశంలో వంతెన కనిపిస్తోందని పాడుతుంది. కుర్రాడు నది ఈది వస్తాడు, ఛాతీలో కత్తి దిగుతుంది, దిగాక పావుగంట పాడతాడు. ఇక్కడ నాకు వృత్తిపరంగా అభ్యంతరం ఉండేది. ఊపిరితిత్తికి చిల్లు పడినవాడు అంత ఎత్తు స్వరం అందుకోలేడని టీచరమ్మతో చెప్పాను. అతని ఊపిరితిత్తుల సంగతి నాకొదిలెయ్యి, నీ ఊపిరి సంగతి చూసుకో అంది ఆవిడ.

మా కుర్రాడు, అంటే టెనర్, అరవై దాటిన పళ్ళ డాక్టర్. అతని కాబోయే మామగారు, కోట అధిపతి, అతనికన్నా చాలా చిన్నవాడు, ప్లంబర్. ఒక రిహార్సల్ మధ్యలో ఎవరింట్లోనో గీజరు పేలిందని ఫోనొస్తే యుద్ధం ఆపి వెళ్ళిపోయాడు. కూల్చాల్సిన వంతెన అట్టపెట్టెలతో చేసింది. సెలోటేపు సరిగా అంటక అది ప్రతి రిహార్సల్‌లోనూ ఎవరూ ఆజ్ఞ ఇవ్వకముందే కూలేది.

యూనివర్సిటీలో చదువుతున్న మా అమ్మాయికి ఈ కథంతా చెప్తే తినే దోసె ఆపి నవ్వింది. "అమ్మా, దిస్ ఈజ్ లిటరల్లీ యూ అండ్ నాన్న. జస్ట్ విత్ బెటర్ క్లోత్స్."

"మాదేం యుద్ధమే?" అన్నాను.

"యూ టూ హాండోవర్ ద కార్ లైక్ హోస్టేజెస్."

దాని మాటకి అప్పుడు కోపం వచ్చింది గానీ, నిజానికి మాది కూడా నది దాటిన పెళ్ళే. బాపట్లలో మా ఇంటివాళ్ళది ఒక మిషను, వాళ్ళింటివాళ్ళది ఇంకో మిషను. బయటివాళ్ళకి ఇద్దరం ఒకటే, క్రైస్తవులం. లోపల మాత్రం ఒకరి గుడి మెట్టు ఇంకొకరు ఎక్కరు. ఒక క్రిస్మస్‌కి నేను మా గుడిలో ఒక్కదాన్నే పాట పాడాను. ఆయన పక్క వీధిలో ఉండేవాడు. లోపలికొచ్చి కూర్చుంటే వాళ్ళ నాన్న కాళ్ళు విరగ్గొడతాడు. అందుకని కిటికీ బయట నిలబడి విన్నాడట. ఆ సంగతి మా పెళ్ళయ్యాక వాళ్ళ చెల్లెలు చెప్తే తెలిసింది. ఆయన్ని అడిగితే, దోమలు బాగా కుట్టాయన్నాడు.

ఇంతకీ ఒపేరాలో నాకు కోరస్‌తో పాటు ఒక పాత్ర కూడా ఇచ్చారు. పెళ్ళికూతురి దాది. తెల్ల టోపీ, పొడుగు గౌను, పాడటానికి ఒకే ఒక్క వాక్యం. రెండో అంకంలో మగవాళ్ళంతా యుద్ధానికి వెళ్ళిపోతే కోటలో ఆడవాళ్ళం కొవ్వొత్తులు పట్టుకుని మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తాం. హాల్లో నిప్పు పనికిరాదు కాబట్టి అవి బ్యాటరీ కొవ్వొత్తులు. ఆ ప్రార్థన మధ్యలో అందరూ ఆగిపోతారు, వాయిద్యాలు కూడా ఆగిపోతాయి. కిటికీలోంచి చూస్తున్న దాది ఒక్కతే పాడుతుంది. అతను బతికే ఉన్నాడు, అదిగో వస్తున్నాడు అని. అంతే నా పాత్ర. డ్రమ్ములు లేవు, కీబోర్డు లేదు, పక్కవాళ్ళ గొంతు లేదు. నా గొంతు ఒక్కటే, హాలు మొత్తానికీ.

అది నేర్చుకుంటున్నన్ని రోజులూ నాకు కావాల్సింది ఒక్కటే. ఆయన వచ్చి ఆ వాక్యం వినాలి. ఇంకెవరు విన్నా వినకపోయినా నాకు బెంగ లేదు. నా గొంతు ఎక్కడ వినపడుతుంది అన్నాడు కదా, వినపడుతుందని ఆయనకి తెలియాలి. అంతకన్నా అసలు సంగతి, ఆయన విని ఎన్నాళ్ళయిందో తలుచుకుంటే నాకే దిగులుగా ఉండేది. పాడటం నాకు అలవాటు, ఆయన వింటుంటే పాడటం ఇంకా పాత అలవాటు.

అడిగాను. "శనివారం వస్తారా?"

"ఎవరెవరు వస్తన్నారు?"

"మా క్వయిర్ వాళ్ళు వస్తామన్నారు."

"అయితే నేను రానులే. వాళ్ళ పక్కన నేను కూర్చోను. పాస్టరు గారికి ఏం చెప్పుకోవాలి?"

"వాళ్ళ పక్కన కూర్చోమని ఎవరన్నారండీ? నా పాట వినమంటున్నా."

"యూట్యూబులో పెడతారుగా," అన్నాడు. అని, చెత్త డబ్బా బయట పెట్టడానికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఉల్లిపాయలు తరిగాను, అమ్మాయి చూసినా అనుమానం రాకుండా.

అనుమానం రాకపోవడానికి అదేమన్నా చిన్నపిల్లా? ఆ రాత్రే ఒపేరా పోస్టర్ తీసి రెండు చర్చిల వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టింది. 'మా అమ్మ పాడుతోంది, అందరూ రండి' అని. డ్రమ్ముల వాళ్ళు వస్తున్నారని డోలక్ వాళ్ళకి తెలిసింది. వాళ్ళొస్తుంటే మనం వెళ్ళకపోతే ఎలా అని పాస్టరమ్మ గారు అందర్నీ కూడగట్టారు. అది విని మా వాళ్ళు ఇంకా ఎక్కువమంది బయల్దేరారు. ఒపేరా అంటే ఏమిటో ఒక్కరికీ తెలియదు. మతం మార్పిడి సభ కాదు కదా అని ఒక ఆంటీ నాకు ఫోన్ చేసి అడిగింది.

శనివారం నేను సంచీలో దాది టోపీ పెట్టుకుని బస్సెక్కాను. కారు ఇంటి ముందే ఉంచాను. తాళం టీవీ దగ్గర, బాగా కనిపించేచోట పెట్టాను. మా ఆయన క్రికెట్ చూస్తున్నాడు. వెళ్ళొస్తానన్నాను. ఊఁ అన్నాడు.

తెర సందులోంచి చూస్తే హాలు నిండా జనం. టీచరమ్మ కళ్ళు మెరిసిపోతున్నాయి, ఇన్నేళ్ళలో అంతమందిని చూడలేదట. ఎడమ వైపు వరసలన్నీ డోలక్ చర్చి. కుడి వైపు వరసలన్నీ డ్రమ్ముల చర్చి. పట్టు చీరలు, అత్తరు వాసన, ప్లాస్టిక్ డబ్బాల్లో సమోసాలు. మధ్య వరసల్లో తలనెరిసిన ఆస్ట్రేలియా దంపతులు, మామూలుగా ఏటా వచ్చేవాళ్ళు, శాంతి దళంలా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. వాళ్ళ మధ్య మా అమ్మాయి. ఎడమ పక్క ముందు వరసలో పాస్టరమ్మ గారి పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంది. సంఘ పెద్దకని దాని మీద ఆవిడ హ్యాండ్‌బ్యాగు పెట్టి ఉంచారు.

మొదటి అంకం అంతా నేను ఆ హ్యాండ్‌బ్యాగునే చూస్తూ పాడాను. నల్లది, బంగారు రంగు కొక్కెం. పెళ్ళి ఆగిపోయింది, వంతెన ఈసారి సమయానికే కూలింది, నాయిక మూర్ఛపోయింది, హ్యాండ్‌బ్యాగు కదల్లేదు. విరామంలో తెర వెనక కూర్చుని టీ తాగుతుంటే ప్లంబర్ వచ్చి, మీవాళ్ళు చాలామంది వచ్చారే అన్నాడు. రావాల్సినవాడు రాలేదని అతనికి ఏం చెప్తాను? గీజరు గురించి అడిగాను.

రెండో అంకంలో తెర లేచింది. కొవ్వొత్తులు వెలిగించి మోకాళ్ళ మీద కూర్చున్నాం. చేతులు జోడించి పాడటం మొదలుపెట్టాం. లైట్లు కళ్ళలో పడుతుంటే ముందు వరస కూడా మసగ్గా ఉంది. నా వాక్యం దగ్గరికొచ్చింది. అందరూ ఆగారు. వయొలిన్లు ఆగాయి. నేను లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచాను.

ఎడమ పక్క ముందు వరసలో ఒక మనిషి లేచి నిలబడ్డాడు.

తాటిచెట్టంత మనిషి. బట్టతల మీద స్టేజీ లైటు పడి మెరుస్తోంది. హ్యాండ్‌బ్యాగు పాస్టరమ్మ గారి ఒళ్ళో ఉంది. నా గొంతు వణకాలి, నిజానికి. వణకలేదు. బాపట్లలో కూడా అంత బాగా పాడి ఉండను.

ఆ తర్వాత జరిగింది మాత్రం మావాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చేయలేరు. స్టేజీ మీద అందరూ మోకాళ్ళ మీద ఉన్నారు, చేతులు జోడించి ఉన్నారు, కొవ్వొత్తులున్నాయి, పైగా సంఘ పెద్ద లేచి నిలబడ్డాడు. అంటే ప్రార్థనే. పాస్టరమ్మ గారు గబుక్కున లేచి కొంగు తలమీదికి లాక్కున్నారు. ఆవిడ వెనక డోలక్ చర్చి మొత్తం లేచింది. అది చూసి కుడి వైపు మా డ్రమ్ముల వాళ్ళు, భక్తిలో తామేం తక్కువ తిన్నామా అని, ఇంకా చప్పుడు చేస్తూ లేచారు. కొంగులు, చున్నీలు, అవేమీ లేనివాళ్ళు చేతి రుమాళ్ళు తలమీద వేసుకున్నారు. రెండు వైపులా జనం లేచేసరికి మధ్యలో ఆస్ట్రేలియా దంపతులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఇదేదో ఇటలీ ఆచారం అనుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ వాళ్ళూ లేచారు. ప్రార్థన పాట ముగిసింది. హాలు కప్పు ఎగిరిపోయేలా వినిపించింది, "ఆమేన్!"

రెండు చర్చిలూ చాలాకాలానికి ఒకే మాట ఒకేసారి అన్నాయి.

ఇటు స్టేజీ వైపు తిరిగి చేతులూపుతూ పాట నడిపిస్తున్న టీచరమ్మ ఆ కేకకి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. హాలు హాలంతా లేచి నిలబడి ఉంది. రెండో అంకం మధ్యలో! ఆవిడ రెండు చేతులూ నోటి మీద పెట్టుకుంది. బుగ్గల మీద కన్నీళ్ళు. ఇంత గౌరవం తన బతుకులో చూడలేదని తర్వాత అందరికీ చెప్పింది, నేను ఆ భ్రమ పోగొట్టలేదు. ఆవిడ మాకు సైగ చేసింది, మళ్ళీ పాడండి అని. కొవ్వొత్తులు మళ్ళీ పట్టుకున్నాం. నా వాక్యం రెండోసారి పాడాను. అతను బతికే ఉన్నాడు, అదిగో వస్తున్నాడు. ఆయన నిలబడే ఉన్నాడు. జనం ఈసారి ఇంకా గట్టిగా ఆమేన్ అన్నారు.

మిగతా అంకాల్లో పళ్ళ డాక్టర్ కత్తి దిగాక పావుగంట పాడితే మా ఆంటీలు అయ్యో పాపం అనుకుంటూ సమోసాలు తిన్నారు. అంతా అయ్యాక గుమ్మం దగ్గర రెండు చర్చిల వాళ్ళూ నాకు వందనాలు చెప్పారు, ఒకరితో ఒకరు మాత్రం చెప్పుకోలేదు. పైగా ప్రార్థనకి ముందు లేచింది ఎవరనే దాని మీద కొత్త తగువు మొదలైంది. మేమే ముందు లేచామని మా వాళ్ళు, కాదు మేమేనని వాళ్ళు. వాట్సాప్‌లో అది ఇప్పటికీ నడుస్తూనే ఉంది. డ్రమ్ముల సంగతి దాదాపు మర్చిపోయారు.

అమ్మాయి స్నేహితులతో వెళ్ళిపోయింది. మేమిద్దరం కారెక్కాం. ఒకే కారులో ఇద్దరం కూర్చుని చాలా రోజులైంది, సీటు వెనక్కి ముందుకి జరుపుకోవడానికే కాసేపు పట్టింది. ఆయన స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తున్నాడు. పాట ఎలా ఉందో చెప్తాడని చూశాను. చెప్పలేదు.

నాకే ఆగక, "నడుం ఎట్టా ఉందండీ?" అన్నాను.

"దేనికి?"

"హాల్లో కూర్చోలేక లేచారుగా."

ఆయన ఎర్ర సిగ్నల్ పడితే బండి ఆపాడు.

"నాకు నడుం నొప్పి ఎప్పుడుందే?" అన్నాడు.

"అదేంది! ఇన్నేళ్ళ నుంచీ బెల్టు పెట్టుకుంటన్నారుగా!"

"నువ్వు కొనిచ్చావుగా. పెట్టుకోకపోతే బాధపడతావని పెట్టుకున్నా."

"మరి నేను పాడేటప్పుడల్లా..."

"మీ గుడి కిటికీ కాడ అలవాటైంది," అన్నాడు, ముందున్న కారు వైపే చూస్తూ. "కూర్చుంటే నాకు సరిగా వినపడదు."

సిగ్నల్ పచ్చగా మారింది. ఆయన కదల్లేదు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. నేను ఏడుస్తున్నాను, ఈసారి ఉల్లిపాయలు కూడా లేవు. ఒక భార్యకి, అందులోనూ నర్సుకి, మొగుడి నడుము గురించి ఇంత అన్యాయంగా తెలియకపోవడం ఎక్కడైనా ఉంటుందా? పరుపు కూడా మార్చాను కదా ఆ నడుము కోసం.

మరుసటి ఆదివారం ఏమీ మారలేదు. పొద్దున ఆయన కారు వేసుకుని డోలక్ చర్చికి వెళ్ళాడు. పాస్టర్ గారికి ఇచ్చిన మాట మాటే. మధ్యాహ్నం కారు తెచ్చాడు. నేను తాళం కోసం చెయ్యి చాపాను. "దిగబెడతాలే, ఎక్కు," అన్నాడు.

హాలు దగ్గర దింపి వెళ్ళిపోతాడనుకున్నాను. మూలకి నెట్టిన కుర్చీలు లాక్కుని అందరూ సర్దుకునేసరికి ఆరాధన మొదలైంది. డ్రమ్ముల కుర్రాడు ఎప్పటిలాగే నా తలమీద వాయించినట్టు వాయించాడు. ప్రత్యేక గీతానికి మేం ముందుకొచ్చి నిలబడ్డాం. అందరూ హాయిగా కూర్చున్నారు. తల ఎత్తి చూస్తే, వెనక గుమ్మానికి అవతల, కాలు లోపల పెట్టకుండా, తాటిచెట్టంత మనిషి.

నేను పాడటం మొదలుపెట్టాను. తలుపు దగ్గర కుర్చీలు చూసుకునే అమ్మాయి ఆయన్ని గుర్తుపట్టి కంగారుపడింది. ఆయన ఎటువైపు మనిషో దానికి తెలుసు. అయినా మర్యాద తెలిసిన పిల్ల, ఒక కుర్చీ లాగి, "లోపలికి రండి అంకుల్, ప్లీజ్ సిట్," అంది.

ఆయన నా వైపు చూస్తూనే చెయ్యి అడ్డంగా ఊపాడు.

"వద్దమ్మా," అన్నాడు, "నడుం నొప్పి. కూర్చోలేను."